స్పైడర్స్ మీద జోకులు సరే, ఓనర్ల పేర్లేవి?

సంపాదకుల గారికి,

మొన్న మీ క్రీడల పేజీలో చరిత్రలోనే అతి చెత్త జట్లంటూ వేసిన బాక్స్ ఐటమ్ చదివాను. అందులో 1899 నాటి అమెరికా బేస్‌బాల్ జట్టు క్లీవ్‌ల్యాండ్ స్పైడర్స్‌కి మొదటి స్థానం ఇచ్చారు. 154 మ్యాచ్‌లాడి 20 గెలిచింది, 134 ఓడింది, అంకెలు కరెక్టే. కానీ చివర్లో ఆ ఆటగాళ్లకు అసలు బంతి కనపడేదా అని జోకేసి వదిలేశారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండింది.

అంతకు ముందు ఏడాది, అంటే 1898లో, అదే జట్టు 12 జట్ల నేషనల్ లీగ్‌లో ఐదో స్థానంలో ఉంది. 1895లో బాల్టిమోర్‌ని ఓడించి లీగ్‌లో మొదటి రెండు స్థానాల జట్ల మధ్య జరిగే టెంపుల్ కప్ గెలిచింది కూడా. సై యంగ్ లాంటి పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు), జెస్సీ బర్కెట్ లాంటి బ్యాటర్ ఉన్న జట్టు ఒక్క చలికాలంలో ఆట మర్చిపోతుందా? జరిగిందేంటంటే, ఓనర్లు ఫ్రాంక్, స్టాన్లీ రాబిసన్ అనే అన్నదమ్ములు, దివాలా తీసిన సెయింట్ లూయిస్ జట్టుని కూడా చేతిలోకి తెచ్చుకుని, జనం అక్కడే ఎక్కువ వస్తారని లెక్కేసి, మంచి ఆటగాళ్లందరినీ అటు తరలించేశారు. అక్కడ మిగిలినవాళ్లలో కొందరిని క్లీవ్‌ల్యాండ్‌కి పంపారు. ఒకే లీగ్‌లో రెండు జట్లకు ఒకే యజమాని, అప్పట్లో దాన్ని ఆపే రూలు లేదు మరి. క్లీవ్‌ల్యాండ్‌లో జనం తక్కువగా వచ్చేవాళ్లు, ఆదివారం ఆట నిషేధం కాబట్టి ఆ రోజు మ్యాచ్ పెడితే పోలీసులు పట్టుకునేవాళ్లు, ఆ కష్టం నిజమే, కాదనను. అంత మాత్రాన జట్టుని ఇలా గుల్ల చేసి వదిలేస్తారా?

సీజన్ మధ్యలో ఇంకో ఘోరం. జట్టుని నడుపుతూ తానూ ఆడే మేనేజర్ లేవ్ క్రాస్ బాగా ఆడుతున్నాడని ఆయన్నీ సెయింట్ లూయిస్‌కి లాక్కున్నారు. తర్వాత బాధ్యత తీసుకున్న జో క్విన్‌కి ఆట కాకుండా ఇంకో వృత్తి ఉంది, అంత్యక్రియల ఏర్పాట్లు చూడటం. జోకే కావాలనుకుంటే మీకిది దొరికేది కదా!

సొంత ఊళ్లో ఆడినవి 42 మ్యాచ్‌లే, వాటన్నిటికీ కలిపి వచ్చిన జనం 6,088 మంది, అంటే మ్యాచ్‌కి 145 మంది. టికెట్ల డబ్బులో తమకొచ్చే వాటా హోటల్ ఖర్చుకీ చాలదని బయటి జట్లు అక్కడికి రామన్నాయి. దాంతో స్పైడర్స్ 112 మ్యాచ్‌లు ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఆడాల్సి వచ్చింది, అందులో 101 ఓడారు. వరుసగా 24 ఓటములు కూడా ఆ తిరుగుళ్ల కాలంలోవే. జిమ్ హ్యూయీ అనే పిచర్ 4 గెలిచి 30 ఓడాడు. అన్నిసార్లు ఓడినా మళ్లీ బంతి పట్టుకుని మైదానంలోకి దిగాడంటే ఆయనకెంత గుండె ఉండాలి! ఇక ఆఖరి మ్యాచ్‌లో సిన్సినాటిలో చుట్టలు అమ్మే కుర్రాడు ఎడ్డీ కోల్బ్‌ని పిచర్‌గా దింపారు, 19-3తో ఓడారు. బహుశా అప్పటికి ఎవరికీ పట్టింపు లేదు.

సీజన్ అయ్యాక ఆటగాళ్లు తమ ప్రయాణ ఏర్పాట్లు చూసే ట్రావెలింగ్ సెక్రటరీకి వజ్రం పొదిగిన లాకెట్ ఒకటి బహూకరించారు, మేమాడిన మ్యాచ్‌లన్నీ చూడాల్సిన ఖర్మ పట్టింది పాపం ఈయనకేనని. తమ మీద తామే ఇలా జోకేసుకోగలిగిన వాళ్లని మీరు కొత్తగా వెక్కిరించేదేముంది.

ఇంతకీ అంతమందిని ఎత్తుకెళ్లిన సెయింట్ లూయిస్ ఆ ఏడాది ఎన్నో స్థానంలో నిలిచిందో తెలుసా? ఐదు. క్లీవ్‌ల్యాండ్‌లో ఉండగా వచ్చిన స్థానమే! 1900కి లీగ్ నాలుగు జట్లని తీసేసింది, అందులో స్పైడర్స్ కూడా పోయింది. మీరు ఆ ఐటమ్ మళ్లీ ఎప్పుడైనా వేస్తే, దయచేసి ఆటగాళ్ల పక్కన రాబిసన్ అన్నదమ్ముల పేర్లు కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు