ఉచిత ప్రసారం మా మిద్దె దాకా వచ్చి ఆగిపోతోంది: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో డిష్‌లు బిగించి, టీవీలు బాగుచేసే మెకానిక్‌లం నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

నెలనెలా కట్టే టీవీ బిల్లు మానుకుని దూరదర్శన్ వారి ఉచిత ఉపగ్రహ సేవ డీడీ ఫ్రీ డిష్ పెట్టుకుందామనుకునే ఇళ్లు మా వైపు చాలానే ఉన్నాయి. పెట్టుకున్నవాళ్లలో కొందరు మాత్రం కొన్నాళ్లకే ఆ పెట్టెను అటక మీద పడేసి, మళ్లీ పాత కనెక్షన్‌కే డబ్బు కడుతున్నారు. లోపం ప్రసారంలో లేదు. ఉపగ్రహం పంపే సిగ్నల్ మా మిద్దెల మీదికి చక్కగానే దిగుతోంది. దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పే సమాచారమే రావడం లేదు. వచ్చేది ఉత్తరాది ఊళ్ల లెక్కతో, హిందీలో వస్తోంది. ఈ సేవను మా ఊళ్ల లెక్కతో, మా భాషలో ఇప్పించండి. మా విన్నపం అదే.

ముందు డబ్బు సంగతి. 2019 ఫిబ్రవరిలో అమలైన ట్రాయ్ (టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం కేబుల్‌కైనా డీటీహెచ్‌కైనా నెట్‌వర్క్ రుసుము మొదటి వంద ఛానళ్లకు నెలకు 130 రూపాయలు మించకూడదని ఉండేది. 18 శాతం జీఎస్టీ కలిపితే అది 153 రూపాయల 40 పైసలు, ఏడాదికి 1,840 రూపాయల పైమాట. పే ఛానళ్ల ధర దీనికి అదనం. 2024 జూలైలో ఆ 130 రూపాయల హద్దునూ ట్రాయ్ ఎత్తేసింది. ఫ్రీ డిష్‌కైతే డిష్, దాని ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ, బాక్సు, కేబుల్ అన్నీ కలిపి ఒక్కసారి సుమారు 2,000 రూపాయలు పెడితే చాలు, ఆ తర్వాత నెల కట్టు ఉండదు. కూలి డబ్బుతో నడిచే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

చేపముల్లు లాంటి పాత యాంటెన్నా గురించి కూడా జనం అడుగుతుంటారు. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి కొన్ని తప్ప అన్నీ ఆపేశారు. 2016లో కొన్ని పెద్ద నగరాల్లో మొదలైన డిజిటల్ యాంటెన్నా ప్రసారం తిరుపతికి గానీ చిత్తూరుకు గానీ రాలేదు. అయినా ‘నెల కట్టు లేకుండా వంద ఛానళ్లు’ అన్న మాట నమ్మి ఆన్‌లైన్‌లో గది లోపల పెట్టే యాంటెన్నాలు తెప్పించుకుని మోసపోతున్నారు. గాలిలో లేని ప్రసారాన్ని ఏ యాంటెన్నా తెస్తుంది? ఏ ఊళ్లో యాంటెన్నా పనికొస్తుంది, ఏ ఊళ్లో పనికిరాదు అన్న జాబితా తెలుగులో ఒక పేజీ ప్రకటిస్తే ఈ నష్టం ఆగుతుంది.

ఇక అసలు విషయం, డిష్ తిప్పడం. ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 నుంచి వస్తాయి. తిరుపతి నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఉత్తరం నుంచి సవ్యంగా కొలిచినప్పుడు 133 డిగ్రీల దిక్కులో, నేల నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దిక్కు చెప్పడానికి మా వాళ్లకు కంపాస్ కూడా అక్కర్లేదు. అది దాదాపు సరిగ్గా ఆగ్నేయం, ఇంట్లో వంటగది ఉండే మూల. పైగా ఇనుప మెట్లు, నీళ్ల ట్యాంకు స్టాండు పక్కన ఫోన్ కంపాస్ పెడితే ముల్లు పక్కకు లాగేస్తుంది. ఎత్తు 67 డిగ్రీలు కావడం మనకు కలిసొచ్చే విషయం. డిష్ కంటే పది అడుగుల ఎత్తు గోడ అడ్డున్నా, దానికి నాలుగున్నర అడుగుల దూరంలో బిగిస్తే అడ్డం తొలగిపోతుంది. నెత్తిన కొబ్బరి మట్టలు, మామిడి కొమ్మలు లేకుండా చూసుకోవాలి, అంతే.

దొరికే సూచనలు ఢిల్లీ చుట్టుపక్కల లెక్కతో ఉంటాయి. అక్కడ దిక్కు సుమారు 149, ఎత్తు 52. ఈ రెండూ తప్పినా డిష్‌ను అటూ ఇటూ తిప్పితే ఎప్పుడో ఒకప్పుడు సిగ్నల్ తగులుతుంది. మూడో కొలత తప్పితేనే అసలు చిక్కు. అది ఎల్‌ఎన్‌బీ మెలిక. ఢిల్లీలో ఎల్‌ఎన్‌బీని 27 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది. తిరుపతిలో 45, చిత్తూరులో 46-47 డిగ్రీలు తిప్పాలి. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తూ గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పాలి. కేబుల్ తగిలించే మూతి మామూలుగా కిందికి, అంటే ఆరు గంటల ముల్లులా ఉంటుంది కదా, అది నాలుగున్నర దగ్గరికి రావాలి.

ఈ 45 అన్న అంకె ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఫ్రీ డిష్ ప్రసారాలు వర్టికల్ పోలరైజేషన్‌లో, అంటే తరంగం నిలువుగా ఊగే తీరులో వస్తాయి. ఎల్‌ఎన్‌బీని తిప్పకుండా వదిలేస్తే మన ఊళ్లో సిగ్నల్ సగానికి సగం పోతుంది, పైగా అదే ఉపగ్రహం హారిజాంటల్ సిగ్నల్ సమానంగా వచ్చి కలుస్తుంది. తిప్పాల్సిన దిక్కుకు బదులు అవతలి దిక్కుకు 45 తిప్పారా, మొత్తం 90 డిగ్రీల తప్పు, మనకు కావలసింది ఒక్క చుక్క రాదు. ఢిల్లీ లెక్కతో 27 తిప్పి వదిలేస్తే 18 డిగ్రీల తేడా ఉండిపోతుంది. ఇదే అన్నిటికంటే మోసకారి తప్పు. ఎండ కాస్తున్నప్పుడు బొమ్మ బాగానే వస్తుంది, మబ్బు పట్టగానే గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. మా జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ‘ఫ్రీ డిష్ వానకు పనికిరాదు’ అన్న చెడ్డపేరు ఆ మూడు నెలల్లోనే పుడుతోంది. నిజానికి 60 సెంటీమీటర్ల డిష్ సరిగ్గా బిగిస్తే కుండపోతలోనే కాసేపు బొమ్మ పోతుంది. అదీ కుదరదన్నవాళ్లు 90 సెంటీమీటర్ల డిష్ వేసుకుంటే రెండుంపావు రెట్లు సిగ్నల్ అందుతుంది.

ఎత్తు దగ్గర ఇంకో మెళకువ ఉంది. ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా ఉండటం వల్ల, పక్కకు ఒక డిగ్రీ తప్పినా ఆకాశంలో 0.4 డిగ్రీ మాత్రమే తప్పినట్టు. పైకీ కిందికీ తప్పితే మాత్రం పూర్తి డిగ్రీ తప్పినట్టే. 60 సెంటీమీటర్ల డిష్ అంచు 5 మిల్లీమీటర్లు వంగితే అదే ఒక డిగ్రీ. కాబట్టి స్తంభం నిటారుగా లేకపోతే ఆ తర్వాత ఎంత తిప్పినా దండగ. తూకం గుండు వేలాడదీసి రెండు పక్కల నుంచి చూసుకున్నాకే యాంకర్ బోల్టులు బిగించాలి. బోల్టులు చివరగా బిగించేటప్పుడు డిష్ కొంచెం కదులుతుంది, అందుకని ఒక్కో నట్టు పావు చుట్టు బిగించి మీటరు చూసుకోవాలి.

బాక్సులో పెట్టుకోవలసిన అంకెలు: ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600. ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500. అది దొరికాక 11170, 11470 అదే తీరులో సరిచూసుకోవాలి. తెర మీద కనిపించే రెండు పట్టీల్లో ‘స్ట్రెంగ్త్’ను నమ్మకూడదు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్ గోడ వైపు తిరిగున్నా ఆ పట్టీ సగం దాటి నిలబడుతుంది. చూడాల్సింది ‘క్వాలిటీ’. ఇంకో తికమక ఏమిటంటే, 95 డిగ్రీల దగ్గర ఒక ప్రైవేటు డీటీహెచ్ ఉపగ్రహం ఉంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు సుమారు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది కాబట్టి ఆ పక్క ఉపగ్రహం సిగ్నల్ తగిలి స్ట్రెంగ్త్ పెరుగుతుంది, క్వాలిటీ సున్నాలో ఉంటుంది. కాస్త జరిపి మూడు నాలుగు సెకన్లు ఆగితే గానీ బాక్సు కొత్త అంకె చూపదు. తొందరపడి గిరగిరా తిప్పేవాళ్లకు సరైన చోటు కళ్ల ముందే దాటిపోతుంది.

కేబుల్ దగ్గర జరిగేవి చిన్న తప్పులే, నష్టం పెద్దది. ఆర్‌జీ-6 కేబుల్ నడుమ తీగ కనెక్టరు అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. చుట్టూ ఉండే జల్లెడ తీగలో ఒక్క పోగు నడుమ తీగను తాకినా షార్టయి ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆగిపోతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ను కిందికి వేలాడేలా ఒక వంపు ఇచ్చి పైకి తీసుకుపోతే వాన నీళ్లు ఆ వంపు దగ్గర జారిపోతాయి. వంపు లేకపోతే కనెక్టరు లోపలికి దిగి, కార్తీకం వెళ్లేసరికి రాగి పూత ఆకుపచ్చగా తుప్పు పడుతుంది. మధ్యలో అతుకు వేసిన కేబుల్ వాడకపోవడమే మేలు.

మార్చి నడుమ, సెప్టెంబరు నెలాఖరులో కొన్ని రోజులు ఉదయం 11 గంటల ప్రాంతంలో బొమ్మ కొన్ని నిమిషాలు పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే వేళ అది. తెలియనివాళ్లు ఆ సమయంలో మిద్దెక్కి, బాగున్న డిష్‌ను తిప్పి పాడుచేసుకుంటున్నారు. ఆ నాలుగు రోజులు తెర కింద తెలుగులో ఒక్క వాక్యం నడిపించమని దూరదర్శన్‌కు చెప్పండి.

అయ్యా, పైన రాసిన కొలతలేవీ రహస్యాలు కావు, లెక్క కట్టడం తెలిసిన ఎవరికైనా వస్తాయి. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ జిల్లాలో అమ్మే పెట్టెలో దిక్కు, ఎత్తు, మెలిక అని మూడు అంకెలు రాసిన తెలుగు కాగితం ఒకటి పెట్టడం దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి భారం కాదు. తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు, కుప్పం అని ఊరి వారీగా ఇస్తే ఇంకా మంచిది.

రెండో విన్నపం బాక్సుల గురించి. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-2లో, కొన్ని ఎంపెగ్-4లో వస్తున్నాయి. బొమ్మను కుదించి పంపే రెండు పద్ధతులవి. ఎంపెగ్-2 మాత్రమే తెలిసిన పాత బాక్సులో ఎంపెగ్-4 ఛానళ్లు ఎంత వెతికినా రావు. కొన్నవాళ్లు డిష్ తప్పనుకుని మమ్మల్ని పిలుస్తారు. ‘ఈ బాక్సులో అన్ని ఛానళ్లూ రావు’ అని పెట్టె మీద తెలుగులో అచ్చు వేయకుండా పాత రకం అమ్మకూడదని ఆదేశించండి. శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇప్పటికే ఐఎస్ 18112:2022 అనే ప్రమాణం తెచ్చింది. కొత్త టీవీల్లో దాన్ని తప్పనిసరి చేస్తే బాక్సూ, రెండో రిమోటూ రెండూ అక్కర్లేదు. ముసలివాళ్లున్న ఇళ్లలో రెండో రిమోట్ ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు.

తెలుగు మాట. ఆంధ్రప్రదేశ్‌కు ఫ్రీ డిష్‌లో సొంత ఛానల్ డీడీ సప్తగిరి. మా ఏడుకొండల పేరే దానికి పెట్టారు, సంతోషం. కానీ ప్రైవేటు ఛానళ్ల స్లాట్లు వేలంలో పోతాయి, పాడుకునేవి ఎక్కువగా హిందీ ఛానళ్లే. వార్తలు, సినిమా, భక్తి తెలుగులో దొరకనప్పుడు నెల కట్టు మానుకోమని మేం ఏ ముఖంతో చెప్పగలం? తెలుగుకు కొన్ని స్లాట్లు వేలం ధరతో సంబంధం లేకుండా విడిగా కేటాయించండి. ఎస్వీబీసీ లాంటి ఉచిత భక్తి ఛానల్ ఒక వేలానికి ఉండి, ఇంకో వేలానికి ఉండకపోయే స్థితి ఎన్నడూ రాకూడదు. ఛానళ్లు మారిన ప్రతిసారీ బాక్సులో మళ్లీ స్కాన్ చేయాలన్న సంగతి పది రోజుల ముందు నుంచీ తెర మీద తెలుగులో చెప్పించండి.

2023 జనవరిలో మంత్రివర్గం ఆమోదించిన, ప్రసార సదుపాయాలు పెంచే బైండ్ పథకంలో 8 లక్షల ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇస్తామన్నారు. అవి మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు, వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన ‘ఆకాంక్షిత’ జిల్లాలకు. ఆ జిల్లాల పట్టికలో మా పక్కనున్న కడప ఉంది, చిత్తూరు లేదు. కుప్పం, పలమనేరు వైపు అడవి అంచు పల్లెలను ‘మారుమూల’ కింద లెక్కించమని కలెక్టర్ల ద్వారా నివేదిక తెప్పించుకోండి.

చివరిది, అన్నిటికంటే అత్యవసరమైనది. జీశాట్-15ను 2015 నవంబరు 11న ప్రయోగించారు. దాని ఆయుర్దాయం 12 ఏళ్లని ఇస్రో చెప్పింది. అంటే 2027 నవంబరుకు ఆ కాలం నిండుతుంది. ఇంతకు ముందు ఇదే 93.5 స్థానంలో ఉన్న ఇన్‌శాట్-4బి సౌర ఫలకంలో 2010 జూలైలో లోపం వచ్చి సిగ్నల్‌ను తిరిగి నేలకు పంపే ట్రాన్స్‌పాండర్లలో సగం ఆపాల్సి వచ్చింది. తర్వాత జీశాట్-15 అదే చోటికి రావడం వల్ల జనం డిష్‌లు తిప్పుకోవాల్సిన పని పడలేదు. ఈసారి కూడా కొత్త ఉపగ్రహం 93.5లోనే ఉండేలా చూడండి. చోటు మార్చక తప్పకపోతే దేశమంతటా ప్రతి డిష్‌నూ, ప్రతి ఎల్‌ఎన్‌బీనీ మళ్లీ తిప్పాలి. ఆ కొత్త స్థానం, మా ఊళ్లకు కొత్త కొలతలు ఏడాది ముందే తెలుగులో ప్రకటించండి. మిద్దె మిద్దెకూ ఎక్కి తిప్పడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఇట్లు,
డిష్, టీవీ మెకానిక్‌లు
తిరుపతి, చిత్తూరు జిల్లాలు