ఎర్రమట్టి దిబ్బల దగ్గర బండి ఆపేవాళ్ల తరఫున: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర మీ శాఖ ఏ పని తలపెట్టినా, అక్కడ అనుకోకుండా ఆగే మనిషిని ముందు గుర్తుపెట్టుకోమని అడగడానికే ఈ ఉత్తరం. గైడును మాట్లాడుకుని, ప్లాన్ వేసుకుని వచ్చేవాళ్ల సంగతి ఎలాగూ ఎవరో ఒకరు చూసుకుంటారు. ఒంటరిగా బండి నడుపుకుంటూ పోతూ, ఎడమ పక్కన ఎర్రగా ఏదో కనబడి బ్రేకు వేసేవాళ్ల గురించే ఎవరికీ పట్టదు.

నేనూ అలా ఆగినవాణ్ణే. భీమిలి దాటి ఇంకా చాలా దూరం పోవాలి. అయినా పక్క సీట్లో కూర్చుని ‘ఇప్పుడెందుకు’ అనేవాళ్లు లేరు. (ఒంటరి ప్రయాణంలో నాకు నచ్చేది అదొక్కటే. మిగతాదంతా నిద్రమత్తు, ఫోన్ చార్జింగ్ టెన్షన్.) లోపల ఇద్దరు కుర్రాళ్లు ఫొటో కోసం దిబ్బ అంచు మీది నుంచి కిందికి జారుతున్నారు. వాళ్లు జారిన మేరా మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడి వస్తోంది. కోప్పడబుద్ధి కాలేదు. చూడ్డానికి అది కొండే మరి.

కానీ అది ఇసుక. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన రోజుల్లో, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. అలా బయటపడిన సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను ఎత్తుకొచ్చి ఒడ్డున పోసింది. ఇసుకలో ఇనుము కలిసిన ఖనిజాలు కాలక్రమంలో తుప్పుపట్టి, రేణువులకు ఎర్రపూత పూశాయి. ఆ పూత, దాంతోపాటు కాస్త బంకమన్ను, ఇవే ఇన్నాళ్లూ దిబ్బను పట్టి నిలిపినవి. మనం ఇప్పుడు నడిచే లోతైన గండ్లు వాననీళ్లు కోసినవి. కాలు పడి పైపొర పగిలిన చోట వచ్చే వానకు నీరు కొత్త దారి చేసుకుంటుంది. ఎగువన నేల చదును చేసినా, గెడ్డల (వాగుల) దారి మళ్లించినా జరిగేది అదే, కాకపోతే ఇంకా పెద్ద ఎత్తున.

ఈ సంగతులు ప్రభుత్వానికి తెలియనివి కావు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఈ దిబ్బలను 2014లోనే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ తర్వాత పదేళ్లకు, 2024 జులైలో, దిబ్బల పక్కనే యంత్రాలు నేల చదును చేస్తున్నాయని పత్రికల్లో చదివాం. గొడవయ్యాక పనులు ఆగాయి. 2025లో తిరుమల కొండలతో పాటు ఇవీ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. అయితే నా భయం కూడా అక్కడే మొదలైంది. పేరొచ్చిన చోటికి రిసార్టులు, రంగు లైట్లు, సెల్ఫీ పాయింట్లు వెతుక్కుంటూ వస్తాయి. గాజు వంతెనలూ జిప్‌లైన్లూ విశాఖలోని కైలాసగిరి కొండకు పెట్టుకోవచ్చు, అక్కడ కింద రాయి ఉంది.

ఆగేవాళ్లకు కావలసింది చాలా తక్కువ. రెండు వైపులా అర కిలోమీటరు ముందే కనబడే బోర్డు ఉంటే సడన్ బ్రేకులు తప్పుతాయి. దిబ్బలకు కాస్త ఎడంగా, గట్టి నేల మీద బండి పెట్టుకునే జాగా కావాలి. ఒకే ఒక్క గండిలోకి, నేలకు పైన చెక్కబాట వేయించండి. ఎటు నుంచి వేయాలో కాంట్రాక్టరు కాకుండా భూవిజ్ఞానులు చెప్పాలి. ఇసుక కథ తెలుగులో నాలుగు వాక్యాల్లో రాయించండి. ‘ఎక్కరాదు’ అని మాత్రమే రాస్తే ఎవరూ వినరు, ఎందుకో చెబితే చాలామంది వింటారు. ఒక మరుగుదొడ్డి, సాయంత్రం దాకా ఒక కాపలా మనిషి కూడా ఉండాలి. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు అక్కడ బండి ఆపాలా వద్దా అని వెనకాడేది ఈ రెండూ లేకే.

వీటన్నిటికన్నా ముందు హద్దురాళ్లు పాతించండి. దిబ్బలకు నీరు చేరే ఎగువ నేలను కూడా ఆ హద్దులోకి తీసుకోండి. వచ్చే వానాకాలం లోపు ఈ ఒక్క పని జరిగినా చాలు, చెక్కబాట తర్వాత వేసుకోవచ్చు. అదే రోడ్డులో మంగమారిపేట దగ్గర సముద్రం చెక్కిన సహజ రాతి తోరణం ఉంది. దాని మీదికీ జనం ఎక్కుతున్నారు. బోర్డులు రాయించేటప్పుడు ఇంకొకటి దానికి కూడా రాయించండి.

ఇట్లు,
ఆ దారిన పోతూ ఆగిన ఒక ప్రయాణికుడు