ఆల్బమ్‌లో పురోహితుడేడీ?

సంపాదకులకు,

మా మేనకోడలి పెళ్లికని బరంపురంలో ఫొటోగ్రాఫర్ల ఆల్బమ్‌లు తిరగేస్తున్నాం. ఒకాయన చూపినవన్నీ గోపాలపూర్ సముద్రం ఒడ్డున, సాయంత్రపు ఎండలో తీసినవే. బరంపురం పట్టుచీర, నగలు, నవ్వులు అన్నీ అమిరాయి. పురోహితుడే లేడు! అడిగితే ఆ జంట మోడళ్లని, చీర దుకాణంవాళ్లదని తేలింది.

అలా తీయడం తప్పని అనను. అభిరుచి చూపించుకోవాలిగా. కానీ మన ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే. పందిట్లో పచ్చటి బల్బులు, హోమం పొగ, కెమెరాకు అడ్డొచ్చే బాబాయిలు (మా ఇంట్లో అలాంటివాళ్లకు కొదవ లేదు). జీలకర్ర బెల్లం ఇంకోసారి పెట్టమంటే ఎవరు పెడతారు? అందుకే ఏదో ఒక రాత్రిపెళ్లి ఫొటోలు స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఏరకుండా చూపించమంటున్నాను. కొందరు వెంటనే చూపారు, కొందరు మళ్లీ ఫోనే ఎత్తలేదు. పెళ్లికి తానే వస్తాడా, కుర్రాణ్ని పంపుతాడా అన్నదీ ఒప్పంద కాగితంలో రాయించుకోవాలి. మేకప్‌వాళ్ల ఫొటోలదీ ఇదే తంతు.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. అంతదాకా ఎందుకు, మోడళ్లతో తీసిన ఫొటో కింద ఆ మాట రాస్తే చాలు.

- ఓ మేనమామ, పర్లాకిమిడి, గజపతి జిల్లా