చిన్నా, యాంప్యూల్ తిప్పి చూడు

చిన్నా,

నువ్వు ఫోన్ ఎత్తి పద్దెనిమిది రోజులైంది. నేనేం లెక్కపెట్టడం లేదు, పాల లెక్క రాసే క్యాలెండర్ వంటింటి గోడకే ఉంది, కంటపడుతుంది. వాట్సాప్‌లో టిక్కులు నీలం కావడం లేదని ఈ ఉత్తరం. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మీ నాన్న నవ్వుతున్నారు. నవ్వనీ.

ఇక్కడ అంతా కులాసా. బోరు మోటారు మళ్లీ కాలిపోయింది. పిన్ని పంపిన సున్నుండలు సగం మీ నాన్నే తినేశారు, షుగర్ పెట్టుకుని. మొన్న రాజమ్మత్త కూతురు వచ్చింది. మీ ఆసుపత్రిలో ఎవరికో సిజేరియన్‌కి స్పైనల్, అదే వెన్నులో మత్తు, ఇచ్చిన కాసేపటికే ఫిట్స్ వచ్చాయనీ, ఒక పీజీ డాక్టర్ని డ్యూటీ నుంచి తప్పించారనీ మాటల్లో చెప్పింది. నేనేం అడగలేదు. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి, అంతే.

వేళకి తింటున్నావా? నైట్ డ్యూటీలో బిస్కెట్లతో సరిపెట్టకు.

ముప్పై నాలుగేళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా నిలబడ్డదాన్ని కదా, ఆ మాట వదలడం లేదు. స్పైనల్‌కి ఇచ్చేది ఎంత? బుపివకైన్ హెవీ అనే మత్తుమందు రెండు మిల్లీలీటర్లు, అంటే 10 మిల్లీగ్రాములు. ఆ కాస్త మందు పొరపాటున రక్తనాళంలోకి పోయినా మామూలుగా ఫిట్స్ రావు. వెన్నుపాము పొర బయట ఇచ్చే ఎపిడ్యూరల్ వేరు. అక్కడ పదిహేను, ఇరవై మిల్లీలీటర్ల దాకా పోతుంది, అది రక్తనాళంలో పడితే గుండెకే ముప్పు. అందుకే సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూడాలి, కొంచెం కొంచెంగా ఇవ్వాలి, విరుగుడుగా ఎక్కించే కొవ్వు మందు, 20 శాతం ఇంట్రాలిపిడ్ సీసా చేతికందేలా ఉంచుకోవాలి. ఒంటి బరువు కిలోకి ఒకటిన్నర మిల్లీలీటర్లు. నీకు తెలియనివా ఇవి, నా చాదస్తం గానీ. కానీ స్పైనల్ తర్వాత ఫిట్స్ అన్నారంటే నేను ముందు చూసేది మందుల ట్రే.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో స్పైనల్‌కి 5 శాతం లిగ్నోకైన్ హెవీ వాడేవాళ్లం. గంట దాటితే పేషెంటు కాలు కదిపేది. మర్నాడు కొందరు పిర్రలు, తొడలు మండుతున్నాయనేవాళ్లు. బల్ల మీద పడుకోబెట్టిన తీరు వల్లేమో అనుకునేవాళ్లం, మందు వల్లేనని తర్వాత తెలిసింది. నువ్వు పుట్టినప్పుడు నాకిచ్చిందీ అదే. రెండు రోజులు మండాయి. నీవల్ల పడ్డ మొదటి కష్టం అదీ.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు. 2017లో, వానాకాలం, రాత్రి రెండు దాటింది. అప్పటికే ఒక కేసు ముగించి రెండో సిజేరియన్‌కి బల్ల సర్దుతున్నాం. పెద్ద డాక్టరు గారు గ్లవ్స్ వేసుకుని కూర్చున్నారు. నేను యాంప్యూల్, అదే చిన్న గాజు మందుబుడ్డి, తీసి, మెడ విరిచి, ఆయన సిరంజిలోకి లాక్కునేలా వంచి పట్టుకున్నాను. ఆయన సూది ముంచబోయి ఆగి, "పేరు చదవండి సిస్టర్" అన్నారు. "హెవీ సార్" అన్నాను. "చూసి చదవండి." రోజూ చేసే పనేగా, ఈయనకి ఈ పట్టింపేమిటని లోపల విసుక్కుంటూనే తిప్పి చూశాను. ట్రానెక్సమిక్ యాసిడ్! రక్తస్రావం ఆపే మందు, అదీ నీళ్లలాగే ఉంటుంది, అదీ గాజు యాంప్యూలే. ముందు కేసులో మిగిలినదాన్ని నేనే మత్తుమందుల గడిలో పడేశాను. అది వెన్నులోకి పోతే ఫిట్స్ వస్తాయి, మనిషి దక్కడం కష్టం. ఆయన ఒక్క మాట అనలేదు. "ఇంకోటి తీయండి" అన్నారు. ఆడపిల్ల పుట్టింది. ఆ తల్లి నాకు దండం పెట్టింది. నేను వెళ్లి చేతులు కడుక్కునే చోట చాలాసేపు కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

2022లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా దీని మీద హెచ్చరిక ఇచ్చింది, ఆ రెండు మందులూ ఒక్కచోట ఉంచొద్దని. మీ థియేటర్లో విడివిడిగా ఉన్నాయో లేదో నువ్వే వెళ్లి చూడు. ఎవరు అందించినా, ఎంత సీనియర్ అందించినా, నీ కళ్లతో చదవకుండా సిరంజిలోకి లాగకు. ఇదిగో, మళ్లీ పాఠం మొదలుపెట్టాను.

ఆ పీజీ నువ్వే అయితే రాత్రి గోదావరి ఎక్కి వచ్చెయ్. నేనేమీ అడగను. నువ్వు కాకపోతే ఆ పిల్లవాడెవరో వాణ్ని ఒంటరిగా వదలకు, మెస్‌కి వెంటబెట్టుకుని వెళ్లు.

మిగిలిన సున్నుండలు కొరియర్‌లో పంపుతున్నాను, వాడికీ పెట్టు. స్టీలు డబ్బా మా అత్తగారిది, పారేయకుండా తీసుకురా.

అమ్మ