బర్రెల మెడకు రేడియం బెల్టులు కట్టియ్యాలె

సంపాదకుడు గారికి నమస్కారం,

నేను పరకాల నుంచి హన్మకొండకు పదేండ్ల సంది రోజూ బండి మీదనే పోయొస్తున్న, గూడెప్పాడ్ దాకా రోడ్డు మీద తిరిగే బర్రెలు, మేకలు, గొర్రెలు నాకు వాడకట్టోళ్ల లెక్క ఎరుకైనయి. మందల ముందు నడిచే బర్రె ఒకటుంటది, అది దాటితేనే మిగతావి దాటుతయి, అది నడిమిట్ల నిలవడి నెమరేసుకుంటుంటే బస్సు డ్రైవర్ ఎంత హారన్ కొట్టినా ఒక చెవి ఊపుతది గంతే. వానొస్తే బర్రెలు కదలవు, తడుసుకుంట హాయిగ నిలవడ్తయి, మేకలు మాత్రం నాలుగు చినుకులు పడంగనే మనకంటే ముందే బస్ షెల్టర్ల జొరబడి లైనుగ నిలవడ్తయి. గొర్రెలైతే ముందుది ఏం లేని కాడ ఎగిరి దుంకితే ఎనకొచ్చేటియన్నీ సరిగ్గ ఆడికే వచ్చి అట్లనే దుంకుతయి, మా బిడ్డ అది చూసి కడుపు పట్టుకోని నవ్వుతది.

పొద్దూకినంకనే అసలు బాధ. వానాకాలం నేలంతా పదనుంటది, దోమలు కుడ్తయి, తారు రోడ్డేమో పొడిగ, ఎచ్చగుంటది, బండ్ల గాలికి దోమలు ఆగవు, అందుకే పశువులు వచ్చి ఆడ్నే పండుకుంటయి. నల్ల బర్రె, నల్ల రోడ్డు, ఎదురుంగ లారీ లైటు, దగ్గరికి పోయేదాకా కనవడదు. పోయిన వానాకాలం నేను అట్లనే గుద్దుకోని పడ్డ, ముంజెయ్యి ఇరిగి నలభై రోజులు ఇంట్ల ఉన్న, పాపం ఆ బర్రె కాలికి కూడా దెబ్బ తాకింది. పశువులకు దెబ్బ తాకితే 1962కు ఫోన్ చేస్తే డాక్టర్ బండి వస్తదని అప్పటిదాకా నాకు తెల్వది, మా దిక్కు చానామందికి ఇప్పటికీ తెల్వది.

యాసంగి కోతలప్పుడు ఇంకో ఆపతి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఎక్కువ తిన్న బర్రెకు కడుపుబ్బి పానం మీదికొస్తది.

పశువులోళ్లనే తిడితే ఏం లాభం లేదు, మేపుకునే జాగలన్నీ పత్తి చేన్లు, ప్లాట్లు అయినయి, వాళ్లు యాడికి తోలుకపోవాలె? అయితే ఇడిసిపెట్టి పట్టించుకోనోళ్లు కూడా ఉన్నరు, వాళ్ల కోసమే ఎనుకట ఊరూరికి అసొంటి పశువులను పట్టి కట్టేసే బందెలదొడ్డి ఉండేది, బందె, అంటే జుర్మానా, కడితేనే పశువును ఇడిసేటోళ్లు, 1871 నాటి చట్టమే దానికి ఆధారం. మా ఊరి దొడ్డిల ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచినయి, దాన్ని బాగుచేసి నీళ్లు, గడ్డి పెట్టుమని పంచాయతీని అడుగుతున్న.

రేడియం సంగతి నేనే చేసి చూసిన. నా పైసలతోటి మా వాడల పన్నెండు బర్రెల కొమ్ములకు టేపు చుట్టిన, రాత్రి దూరం నుంచే మంచిగ మెరిసినయి, కానీ వారం తిరగకముందే సగం బర్రెలు చెట్లకు రాకి పీకేసుకున్నయి. అందుకే పంచాయతీ గానీ పశువుల దవాఖాన గానీ ఇస్తే మెడకు కట్టే బెల్టులే ఇయ్యాలె, అవి కూడా వానలు మొదలుగాకముందే.

— ఒక పాఠకుడు, పరకాల, హన్మకొండ జిల్లా