ఓడిన వ్యాపారికి దక్కే మర్యాద

విజయవాడ

చి. ల. సౌ. శ్రావణికి నాన్న ఆశీస్సులు.

రెండు కంపెనీలు పెట్టి రెండింటినీ మూసేసిన మనిషిని మీ ఆఫీసులో అందరూ మర్యాదగా చూస్తున్నారనీ, ఆయన కూడా ఆ సంగతి దాచకుండా తన అనుభవం కింద రాసుకున్నాడనీ రాశావు. అమెరికాలో డబ్బంటే గౌరవం గనుక వ్యాపారమన్నా గౌరవమే అని నీ స్నేహితులు అన్న మాట నాకు సరిపడలేదమ్మా. డబ్బంటే మోజు లేని దేశమేది? ఉద్యోగమంతా బ్యాంకు అప్పుల విభాగంలోనే గడిచింది గనుక, నాకు కారణం మరోచోట కనిపిస్తుంది.

ఐరోపాలో వర్తకుడు ఎంత సంపాదించినా అతనికి పైమెట్టు మీద భూములూ బిరుదులూ ఉన్న ప్రభువు ఒకడు కూర్చుని ఉండేవాడు. 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగం ప్రభుత్వం ఎవరికీ ప్రభు బిరుదులు ఇవ్వకూడదని తేల్చి చెప్పింది. ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన వీలునామాలో పేరు పక్కన ముందుగా రాసుకున్నది ముద్రాపకుడననే. పదవులు ఆ తరువాతే వచ్చాయి. అయితే దక్షిణాదిలో తోటల యజమానులు బానిసల చెమట మీద ప్రభువుల్లాగే బతికారన్నదీ మరువకూడదు.

ఇంతకంటే ముఖ్యమైనది దివాలా చట్టమని నా అభిప్రాయం. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సమకూర్చిన రాబర్ట్ మోరిస్, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు, భూముల బేరాల్లో మునిగి 1798లో ఫిలడెల్ఫియాలోని బాకీదారుల జైలుకు వెళ్ళాడు. అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన వాషింగ్టన్ ఆ జైలుకే వెళ్ళి ఆయనతో కలిసి భోజనం చేశాడు. 1800లో దివాలా చట్టం వచ్చింది, మరుసటి ఏడాది మోరిస్ బయటపడ్డాడు. ఆ చట్టం మూడేళ్ళకే రద్దయింది; తరువాత వచ్చినవీ ఎక్కువ కాలం నిలవలేదు. చివరకు 1898 నాటి చట్టం నిలదొక్కుకుని, 1978లో కొత్త చట్టం వచ్చేదాకా కొనసాగింది. నిజాయితీగా నడిపి నష్టపోయినవాడు ఉన్నదేదో అప్పగించి, మిగిలిన బాకీ నుంచి విముక్తి పొంది మళ్ళీ మొదలుపెట్టవచ్చన్న భావన ఆ సమాజంలో అలా వేళ్ళూనుకుంది. దివాలా తీయకపోయినా, హెన్రీ ఫోర్డ్ 1903లో పెట్టిన కంపెనీకి ముందు రెండు ప్రయత్నాలు చేతికి అందకుండా పోయినవే.

మన దగ్గర ఎవరైనా ఐపీ, అంటే దివాలా దరఖాస్తు, పెట్టాడంటే ఎగ్గొట్టాడనే లోకం అర్థం చేసుకుంటుంది. తాకట్టు ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడు నోటీసును తలుపుకు అంటించి, రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, వేయించాలి. ఆ కాగితం అంటించడానికి నేనూ వెళ్ళాను. అప్పు తీసుకున్నవాడికంటే, మొహమాటానికి ష్యూరిటీ సంతకం పెట్టిన బావమరిది ముఖం చూడటమే కష్టంగా ఉండేది. అంత భయం ఉన్నచోట తెలివైన పిల్లలు ఉద్యోగం వైపు పోవడంలో వింతేముంది? మనకూ 2016లో దివాలా స్మృతి వచ్చింది గానీ, చట్టం మారినంత తొందరగా వీధి మారదు.

అక్కడి గౌరవమంతా సహజంగా పుట్టిందేమీ కాదు, కొంత కొనుక్కున్నదే. నువ్వున్న పిట్స్‌బర్గ్‌లోనే చూడు: ఉక్కు వ్యాపారి కార్నెగీ డబ్బుతో కట్టిన కార్నెగీ లైబ్రరీ గుమ్మం మీద ‘ప్రజలకు ఉచితం’ అని చెక్కి ఉంటుంది, నదికి అవతల హోమ్‌స్టెడ్‌లో, అదే కార్నెగీ ఉక్కు కర్మాగారం దగ్గర, 1892 సమ్మెలో ఇరువైపులా ప్రాణాలు పోయాయి. చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ చికాగోలో విశ్వవిద్యాలయానికి డబ్బిచ్చాడు, అయినా 1911లో సుప్రీంకోర్టు ఆయన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని ముక్కలు చేయించింది. ఇప్పటికీ గాలప్ సంస్థ చేసే ప్రజాభిప్రాయ సర్వేల్లో అమెరికన్లు ఎంతో నమ్మకముందని చెప్పేది చిన్న వ్యాపారాల మీద. పెద్ద కంపెనీల మాట వచ్చేసరికి అది బాగా పడిపోతుంది. వాళ్ళు గౌరవించేది వీధి చివర సొంత కొట్టు తెరిచినవాణ్ణి అని నేననుకోవడం అందుకే.

అల్లుడుగారు కూడా ఏదో మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నారని నీ మాటల్లో వినిపించింది. అక్కడి ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ (ఎస్‌బీఏ) హామీతో వచ్చే అప్పులకు 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతివారూ సొంతంగా పూచీ సంతకం పెట్టాలి. కంపెనీ మునిగితే ఆ పూచీ ఇంటిదాకా వస్తుంది. వాటాలు ఎవరి పేరున ఎంత రాస్తున్నారో ముందు తేల్చుకోండి. కాగితాలు వచ్చాక, సంతకాలకు ముందే, నాకు ఒక కాపీ పంపించు.

ఇట్లు
మీ నాన్న