ప్రతిదినం సిలువ

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. లూకా 9:23లో ప్రభువు చెప్పినట్టు, తన్నుతాను ఉపేక్షించుకుని, అంటే 'నేను' అనే స్వార్థాన్ని పక్కనపెట్టి, సిలువ ఎత్తుకోవడం ప్రతిదినం జరగాల్సిందే. ఉపవాసం ఉంటూనే ఇంట్లోవాళ్లమీద విసుక్కుంటే 'నేను' అనేది ఇంకా చావలేదన్నట్టే. యెషయా 58లో దేవుడు గద్దించింది ఇలాంటి ఉపవాసాన్నే. నోటిదాకా వచ్చిన ఎదురుమాటను ప్రభువు కోసం మింగేస్తాం చూడండి, మనం చేసిన పరిచర్యకు ఇంకొకరికి పేరొచ్చినా సంతోషిస్తాం చూడండి, తన్నుతాను ఉపేక్షించుకోవడమంటే అదీ!

ఇది మన బలంతో అయ్యేది కాదు. "నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు" అని ప్రభువే అన్నాడు. "క్రీస్తే నాయందు జీవించుచున్నాడు" అని పౌలు చెప్పగలిగింది కూడా ఆయనలో నిలిచి ఉండబట్టే.

రేపు పొద్దున ఫోన్ చూడకముందే యోహాను 15:1-11 చదవండి. ఎవరితో సమాధానపడాలో వాళ్ల కోసం ప్రార్థించండి. భారంగా ఉన్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కలిసి ప్రార్థన చేద్దాం.